డో అక్షరానికి దొరికిన పేరు

కూతురి బారసాలకు వచ్చినవాళ్ళందరినీ లడ్డూలు తింటుండగా ఏడిపించిన తండ్రిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే విదేశంలో మేముండే న్యూ లిన్ రండి, నేనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మా పాప ఆశ్లేష నాలుగో పాదంలో పుట్టింది. కాకినాడ నుంచి పంతులుగారు వీడియో కాల్‌లో పంచాంగం చూసి, “డో అక్షరంతో పెట్టండి నాయనా,” అని చల్లగా చెప్పి వెళ్ళిపోయారు. డోతో నాకు తట్టినవి డోలు, డోలక్. రెండూ కొట్టేవే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మాకు ఆలూ ఉంది, చూలూ అయింది, పేరే లేదు.

“ఆ అక్షరం పేరు చెవిలో చెప్పేసి, పిలవడానికి వేరేది పెట్టుకోండి బాబూ,” అన్నారు అత్తయ్యగారు.

“కుదరదండి. ఈసారి ఏ లోపమూ రాకూడదు.”

ఈసారి అని ఎందుకన్నానంటే, అంతకుముందు మాకు పుట్టిన పాప మర్నాడే పోయింది. అప్పటినుంచి నా భార్య సుధ మనస్ఫూర్తిగా నవ్వింది లేదు. ఈ పాప రాకతోనైనా మా ఇంట్లోంచి దుఃఖం వెళ్ళిపోవాలని నా పట్టుదల.

ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా ‘డోలోరెస్’ దొరికింది. స్పానిష్ ఆడపిల్లల పేరట. వినసొంపుగా ఉంది. అర్థం చూడలేదా అంటారా? వంకాయల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి కొనే మనిషిని, కూతురి పేరు మాత్రం చూడకుండా సంచిలో వేసుకున్నాను.

బారసాల రోజు పళ్ళెంలోని బియ్యం మీద ఉంగరంతో ఆ పేరు రాసి, అందరికీ వినపడేలా చదివాను. పక్క ఫ్లాట్ మార్తా ఆంటీ చేతిలోని లడ్డూ కింద పెట్టేసింది. ఆవిడది చిలీ దేశం, మాతృభాష స్పానిష్.

“ఈ పేరు నీకెవరు చెప్పారు?” అని ఇంగ్లీషులో అడిగింది.

“నేనే సెలెక్ట్ చేశాను ఆంటీ. బాగుందా?”

“మా అమ్మ పేరు అది. దుఃఖాలు అని అర్థం. బిడ్డను పోగొట్టుకున్న మేరీమాతను మేము ఆ పేరుతో తలుచుకుంటాం.”

ఇంగ్లీషు రాని అత్తయ్యగారు నా వైపు వంగారు. “ఏమంటోంది బాబూ?”

“పేరు బాగుందంటోందండి.”

“మరి ఏడుస్తోందేంటి?”

దుఃఖాన్ని తరిమేద్దామని బయల్దేరి, పీట వేసి, పసుపు కుంకుమలతో కూర్చోబెట్టాను. గబగబా బియ్యం చెరపబోతే సుధ నా చెయ్యి పట్టుకుంది.

“చెరపకండి. మన పెద్దదానికి పేరు పెట్టనేలేదు కదా. ఇది దానికి ఉండనివ్వండి. దీనికి ఇంకో పళ్ళెం తీసుకురండి.”

ఇక ఎవరు ఎవరిని ఓదార్చారో నాకు గుర్తు లేదు. రెండో పళ్ళెంలో సుధే ‘హాసిని’ అని రాసింది. పంతులుగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

కావున సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అర్థం అడగకుండా మనిషికి గానీ, కుక్కపిల్లకు గానీ, చివరికి మా ఇంటి వైఫైకి గానీ పేరు పెట్టను. నా కూతుళ్ళిద్దరి మీదా ఒట్టు.