పార్వతి పేరుతో వెళ్ళిన ఫొటో

2023 వేసవి. పలాసలో జీడి ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న ఒక కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ళకు క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. నేను స్టాఫ్ నర్సుని. మందసలో కొన్నాళ్ళు, టెక్కలిలో కొన్నాళ్ళు చేసి, అప్పటికి పలాస దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వచ్చాను. క్యాంపు నడిపింది ఒక ప్రైవేటు సంస్థ. మమ్మల్ని డ్యూటీ మీద పంపారు.

వాళ్ళు తెచ్చిన పరికరం మంచిది. ఆ మాట ముందే చెప్పాలి. దాన్ని పోర్టబుల్ కోల్పోస్కోప్ అంటారు. అరచేతిలో పట్టే చిన్న కెమెరా, గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపిస్తుంది. అక్కడ ఎసిటిక్ యాసిడ్ ద్రావణం అద్దితే అనుమానం ఉన్న చోట తెల్లబడుతుంది. మేము ఫొటో తీస్తే అది ట్యాబ్ ద్వారా విశాఖలో ఉన్న డాక్టరుగారికి వెళ్తుంది. ఫ్యాక్టరీ మాని, రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళలేని ఆడవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి? నేను నిజంగా సంతోషించాను.

రిజిస్ట్రేషన్ బయట జరిగేది. సంస్థ తరఫున వచ్చిన కోఆర్డినేటర్ కుర్రాడు ఒక్కొక్కరి చేత వేలిముద్ర వేయించి లోపలికి పంపేవాడు. వేలు పడితే ఆధార్ నుంచి పేరూ ఫోన్ నంబరూ వాటంతటవే వచ్చేస్తాయి. లోపల నా ట్యాబ్‌లో పేరు కనిపించదు, ఒక నంబరు మాత్రమే వస్తుంది. గోప్యత కోసమని చెప్పారు.

మధ్యాహ్నం అన్నం వేళకు ఈశ్వరమ్మ వచ్చింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. జీడిగింజ కొట్టే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉంది. పెళ్ళికి ముందు బారువలో, పెళ్ళయ్యాక ఇక్కడ.

"ముట్టాగిపోయి రెండేళ్ళయిపోనాది నర్సమ్మా. మల్లీ మరకలవుతన్నాయి. ఎవులికీ సెప్పనేదు," అంది గొంతు తగ్గించి.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సంకురేత్రికి ముందు నుంచీ."

చూశాను. పుండు మామూలు కంటికే కనిపిస్తోంది. దూది తగిలితే చాలు, రక్తం వచ్చింది. ఫొటో తీసి, 'అత్యవసరం' అన్న గుర్తు పెట్టి పంపాను. "డాక్టరుగారు చూసి నీకు ఫోన్ చేయిస్తారు. చేయగానే వెళ్ళాలి. పనుందని ఆగకు," అని చెప్పాను. తలూపి వెళ్ళింది. నన్ను ఆ వారంలోనే ఇచ్ఛాపురం వైపు డిప్యుటేషన్ మీద పంపారు.

వినాయక చవితి వెళ్ళాక నేను మళ్ళీ పలాస వచ్చాను. వచ్చిన రెండో రోజు ఒకామె భర్తను వెంటబెట్టుకుని ఓపీకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. పేరు పార్వతి, కూరగాయలు అమ్ముతుంది.

"నాకు కేన్సరంట నర్సమ్మా! ఒకటే ఫోన్లు. ఇశాపట్నం రమ్మంతన్నారు. నానే పరీచ్చా సేయించుకోనేదు. నన్నెవులూ ముట్టుకోనేదు!"

భర్త అందుకున్నాడు. "సేయించుకోకపోతే నీ పేరెలాగొచ్చిందే? దాసేత్తన్నావేటి?"

ఆయన్ని ఊరుకోమని, ఆమెను కూర్చోబెట్టి, క్యాంపుకు వెళ్ళావా అని అడిగాను. వెళ్ళిందట. పరీక్షకు కాదు, తోడికోడలికి తోడుగా.

"మా అక్క యేలు ఆ మిషన్లో పడనేదు. జీడి కదా, గీతలన్నీ అరిగిపోనాయి. ఆ బాబు నన్ను పిలిసి, తోడొచ్చినావు గదా, నువ్వెట్టమ్మా అన్నాడు. ఎట్టీసినాను. వొచ్చినోల్ల ఆజరుకనుకున్నాను."

"మీ అక్క పేరేమిటి?"

"ఈశ్వరమ్మ."

నేను 'అత్యవసరం' గుర్తు పెట్టి పంపిన ఫొటో ఆమెదే.

జీడి పెంకులో ఉండే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం రాసుకున్నా, బూడిద అద్దుకున్నా ఏళ్ళ తరబడి ఆ పని చేసిన చేతికి ముద్ర మిగలదు. పలాసలో పుట్టిన పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. జీడి కార్మికుల కోసమే పెట్టిన క్యాంపుకు వేలిముద్ర మీద తెరుచుకునే యంత్రం తెచ్చారు!

మిగతాది తర్వాత తెలిసింది. విశాఖ డాక్టరుగారు వారం లోపే ఫొటో చూసి, వెంటనే పంపమని రాశారు. ఆయన తప్పేమీ లేదు. సంస్థ వాళ్ళు పార్వతికి ఫోన్ చేశారు. తనకు ఏ పరీక్షా చేయలేదని పార్వతి చెప్పింది. అవతలి వాళ్ళు 'పేషెంట్ నిరాకరించారు' అని రాసుకున్నారు. మళ్ళీ చేశారు. మళ్ళీ అదే రాసుకున్నారు. పరీక్షే జరగలేదని ఒక మనిషి నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతుంటే, ఎందుకలా అంటోందని ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ సాయంత్రమే పార్వతితో కలిసి ఈశ్వరమ్మ ఇంటికి వెళ్ళాను. మనిషి సగమైపోయింది. నన్ను చూసి నవ్వింది.

"ఫోను రానేదు నర్సమ్మా. రానేదంటే బాగున్నట్టే గదా?"

పక్కనే ఉన్న పార్వతి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "అక్కా, నీ ఫోను నాకొచ్చీసినాది," అంటూ ఏడ్చింది.

కోఆర్డినేటర్‌కు ఫోన్ చేశాను. పేరు మార్చమన్నాను.

"రికార్డు లాక్ అయిపోయింది మేడమ్. మార్చడం కుదరదు. ఆవిడనే పార్వతి పేరు మీద పంపించేయండి. ట్రీట్‌మెంట్ అందితే చాలు కదా?"

"రేపు రక్తం ఎక్కించాల్సి వస్తే పార్వతి గ్రూపు చూసి ఈశ్వరమ్మకి ఎక్కిస్తారా?"

"మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"అవుతాను. ఈశ్వరమ్మకి ఏదైనా అయితే చచ్చిపోయింది పార్వతి అని రాస్తావా? బతికున్న పార్వతిని ఎక్కడ దాస్తావు?"

ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఈశ్వరమ్మను టెక్కలిలో నాకు తెలిసిన గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ఏ ముద్రా అడగలేదు. పేరు అడిగింది, చూసింది, బయాప్సీ చేసింది. అంటే చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపడం. రిపోర్టు వచ్చింది, క్యాన్సరే. పక్కకు పాకడం మొదలైంది.

విశాఖలో పెద్దాసుపత్రికి వెళ్ళాం, నేనూ, ఈశ్వరమ్మా, పార్వతీ. అక్కడ కౌంటర్లో మళ్ళీ వేలు పెట్టమన్నారు. పది వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. ఒక్కటీ పడలేదు. కంటిపాపతో గుర్తుపట్టే యంత్రం ఉండాలి కదా అన్నాను. ఉందట, వేరే బ్లాకులో. దాన్ని వాడే మనిషి సెలవులో ఉన్నాడట. సోమవారం రమ్మన్నారు.

అప్పటిదాకా నోరెత్తని ఈశ్వరమ్మ కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"సెయ్యి సూసి పోల్సలేకపోతే మొకం సూడు బాబూ! మొకముంది గదా! మీరంతా తినీ పప్పుకే గదా ఈ సేతులిలాగయినాయి. నానెవుల్నో ఇంకెలాగ సెప్పాలి?"

నేను సూపరింటెండెంట్ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. అక్కడ నేనన్న మాటలు ఒక నర్సు అనాల్సినవి కావు. యంత్రం మాత్రం వచ్చింది. ఆమె కళ్ళను అది వెంటనే గుర్తుపట్టింది.

అక్కడి డాక్టరు ఫొటో తీసిన తేదీ చూసి తల పట్టుకున్నారు. అప్పుడే వచ్చి ఉంటే బహుశా ఆపరేషన్‌తో తేలిపోయేదన్నారు. ఇప్పుడు రేడియేషన్, కీమో రెండూ కావాలి. వారాల తరబడి విశాఖలోనే ఉండాల్సి వచ్చింది. పార్వతి కూరల బండి వదిలేసి ఆమె మంచం పక్కనే ఉంది. భర్త పార్వతిని క్షమాపణ అడిగాడో లేదో నాకు తెలియదు.

ఈశ్వరమ్మ బతికింది. కానీ జీడి దగ్గర ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. కడుపులో మంట, నీరసం. జబ్బు వల్ల కొంత, ఆలస్యం వల్ల కొంత. ఈ రెండో లెక్క ఎవరూ తీయలేదు.

తర్వాత శ్రీకాకుళంలో ఆ సంస్థ సమీక్షా సమావేశం పెట్టింది. తెర మీద విజయగాథలు చూపించారు. అందులో పార్వతి కేసు ఉంది, 'నిరాకరించారు' అన్న మాట మాత్రం లేదు. ముందుగా గుర్తించి చికిత్సకు చేర్చామట! నేను లేచి జరిగింది మొదటి నుంచీ చెప్పాను. "మంచి ఫీడ్‌బ్యాక్ సిస్టర్, నోట్ చేసుకున్నాం," అన్నాడు తెర పక్కన నిలబడ్డ పెద్దమనిషి. పార్వతికి ఇప్పటికీ ఒంట్లో ఎలా ఉందని సంస్థ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

ఇంజెక్షన్ ఇచ్చేముందు పేషెంటును పేరు చెప్పమని అడగాలని మాకు ట్రైనింగ్ మొదటి నెలలోనే నేర్పుతారు. రాసిన పేరు చదివి అవునా అని అడగకూడదు, వాళ్ళ నోటితో చెప్పించాలి. ఎంత గొప్ప పరికరం వచ్చినా ఆ పాఠం పాతబడదని ఈ కేసు నాకు చెప్పింది. యంత్రం అబద్ధం చెప్పలేదు. తన లిస్టులో ఖాళీ మిగలకూడదని ఒక మనిషి దానిచేత చెప్పించాడు.

మూడు ఉత్తరాలు రాశాక లోపలి ట్యాబ్‌లో పేరు కనిపించే ఏర్పాటు చేశారు. ఇప్పుడు ప్రతి క్యాంపులోనూ లోపలికొచ్చిన ఆమె చేత పేరు చెప్పించి, సరిపోయాకే కెమెరా పట్టుకుంటాను. వేలు పడలేదని బయట ఆపేసిన వాళ్ళను నేనే వెళ్ళి పిలిచి, చూసి, కాగితం మీద రాసి టెక్కలి పంపుతాను. మొన్న మందస క్యాంపులో ఇలాగే పని ఆగింది. కొత్తగా వచ్చిన కోఆర్డినేటర్ వాచీ చూసుకుంటూ, "మీ ఒక్కరి వల్ల అందరికీ లేటవుతోంది సిస్టర్," అన్నాడు.

"అవనీ," అన్నాను.