అంతరాయానికి చింతిస్తున్నాము

శకునాలను మనుషులే తయారుచేస్తారని నేను ఏళ్లుగా వేదికల మీద వాదిస్తున్నాను. ఎదుటివాళ్లను నోరెత్తనివ్వను. అది నాకు అంత ఖాయంగా ఎలా తెలుసో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక శకునాన్ని నేనే తయారుచేశాను. కాలి బొటనవేలితో. ఆ బరువు మోస్తూనే మూఢనమ్మకాల మీద ఇన్ని వ్యాసాలు రాశాను. మీకెందుకు చెబుతున్నాను? బహుశా మీరు నా ముఖం చూడరు కాబట్టి.

నర్సింహులపేటలో మా వాడకు మొదటి టీవీ మా ఇంటికే వచ్చింది. ఆదివారం పొద్దున పురాణం సీరియల్ వేళకు వాడంతా తలస్నానాలు చేసి వచ్చేది. వాకిట్లో చెప్పులు కుప్ప పడేవి. మా నాయినమ్మ టీవీకి బొట్టు పెట్టి ఊదుబత్తి వెలిగిస్తే, ఆ పొగలో దేవుడు నిజంగానే మబ్బుల్లోంచి దిగినట్టుండేవాడు. రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి, తగలడానికి ముందు తీరిగ్గా ఒకదాన్నొకటి చూసుకునేవి. అంతసేపూ మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఇవాళ ఆ పూజను ఎగతాళి చేయడం నాకు ఒక పేరా పని. చేయలేను. ఊదుబత్తి వాసన ఎక్కడ తగిలినా నా ముఖం దానంతటదే నవ్వుతుంది.

సీరియల్ హిందీలో వచ్చేది. ఆ బరువైన హిందీ వాడలో ఎవరికీ తలకెక్కేది కాదు. బడిలో హిందీ చదువుతున్న నేను టీవీ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని తెలుగులో చెప్పేదాన్ని. సగం కల్పించే చెప్పేదాన్ని. పెద్దవాళ్లంతా నా నోటికేసి చూసేవాళ్లు. ఆ రుచి ఎలాంటిదో మీకు తెలుసా? ఇప్పుడు మైకు ముందు నిలబడినప్పుడు నాలుక మీద ఉండేది కూడా అదేనా?

అప్పుడే తండా నుంచి ధర్మక్క రావడం మొదలుపెట్టింది. మా పొలంలో నాట్లేసే మనిషి. ఆమె ఇంటి భాష లంబాడీ, హిందీకి దగ్గర. ఒక ఆదివారం తెర మీద ముసలి రాజు కొడుకుతో ఏదో అంటున్నాడు.

"ఏమంటుండే పిల్లా?" అంది నాయినమ్మ.

"యుద్ధానికి పొమ్మంటుండు."

ధర్మక్క కిసుక్కున నవ్వింది. "పొమ్మంటలేడు బిడ్డా. పోకు కొడుకా అని ఏడుస్తుండు."

"ఓ పంతులమ్మా! గిదేనా నీ హిందీ?" అంది నాయినమ్మ. ఇల్లంతా నవ్వింది. ఎవరి నవ్వులోనూ విషం లేదు. విషం నాలో ఉంది.

ఆంటెనా నుంచి వచ్చే చప్పటి వైరు నా కాళ్ల పక్కనుంచే టీవీ వెనక్కి పోయేది. దాన్ని పట్టి ఉంచే మర వదులు. ధర్మక్క మోచేతుల దాకా గాజులు వేసుకునేది. మరుసటి ఆదివారం ఆ గాజుల చప్పుడు మలుపు దగ్గర వినిపించగానే నా బొటనవేలు వైరు మీదికి పోయింది. ఆమె గడప దాటింది. నేను లాగాను. తెరంతా చుక్కలు.

"తిప్పుర్రా, ఆంటెనా తిప్పుర్రి!"

"వచ్చిందా?"

"రాలే!"

ధర్మక్క ఏం జరిగిందో చూద్దామని బయటికి పోగానే వైరు నెట్టాను. బొమ్మ వచ్చింది. తర్వాతి వారం మళ్లీ అంతే. నేను ఒక్క మాట కూడా అనలేదు. అనవలసిన అవసరమే రాలేదు. "ధర్మి కాలు వెట్టంగనే బొమ్మ వోతది" అని వాడంతా అంది. టీవీ స్టేషన్‌లో ఏదైనా చెడితే తెర మీద 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని అట్ట వచ్చేది. నా అంతరాయానికి ఏ అట్టా రాలేదు.

ఆమె తగవు పడలేదు. గడప అవతలికి జరిగి, "నేను ఈడనే కూసుంట. నువ్వు జర గట్టిగ చెప్పు బిడ్డా" అంది. నేను గట్టిగా చెప్పాను. తప్పులు చెప్పాను. ఆమెకు తెలుసు. మళ్లీ ఎప్పుడూ దిద్దలేదు.

అక్కడితో ఆగి ఉంటే పిల్లచేష్ట అనుకునేదాన్నేమో. ఆ ఏడు నాట్లప్పుడు నాయినమ్మ, "ధర్మీ, నువ్వు జర ఎనుక దిగు" అంది. అంతకుముందు మా మడిలో మొదటి పిడికెడు నారు నాటేది ఆమే. ఆమె గట్టు మీద ఆగిపోయింది. నేను సద్ది గిన్నె పట్టుకుని పక్కనే ఉన్నాను. మరుసటేడు ఆమె రాలేదు. భూపాలపల్లి దిక్కు, కూతురు దగ్గరికి పోయిందన్నారు.

నేను జనగామలో స్థిరపడ్డాను. మొన్న భూపాలపల్లి దిక్కు చిట్యాలలో శకునాల మీద సభ. నేను మాట్లాడి దిగాక ఒక ముసలామె మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. గాజులు లేవు, అయినా గుర్తుపట్టాను.

"మా బిడ్డనే! చిన్నప్పుడు టీవీ కథ చెప్పినట్టే చెప్పినవ్" అని నా గడ్డం పట్టుకుంది. మనవరాలు ఫోన్‌లో ఆ పాత సీరియల్ పెట్టి ఆమెకు అందించబోయింది. ధర్మక్క చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వే వట్టుకోవే. నేను వట్టుకుంటె బొమ్మ వోతది." నవ్వుతూనే అంది. "వీళ్లింట్ల గూడ గంతే ఉండె. కాదా బిడ్డా?"

అప్పుడే గంటసేపు హేతువు గురించి అరిచి దిగిన దాన్ని. ఒక్క మాట చాలు. 'వైరు' అని ఉంటే చాలు. నేనేం చేశాను? నవ్వాను. చిన్నప్పటి తప్పుకు చిన్నతనం అడ్డం పెట్టుకోవచ్చు. ఈ నవ్వుకు ఏం అడ్డం పెట్టుకోను?

ఆమెకు చదువు రాదు. ఇది మీ చేతికి వస్తుంది గానీ ఆమె చేతికి రాదు. అది తెలిసే రాస్తున్నానా? కావచ్చు. మళ్లీ చిట్యాల పోతానో లేదో మాటివ్వలేను, నా మాటల మీద నాకిప్పుడు అంత నమ్మకం లేదు. ఆమెకు చెప్పవలసింది మాత్రం ఇది. పైకి చదువుకుంటూ రాస్తున్నాను, జర గట్టిగానే: వైరు లాగింది నేను. బొమ్మ నీవల్ల పోలేదు, ధర్మక్కా.