ఓదెలు సార్ నక్షాలో చుక్కలు

మొన్న జగిత్యాలలో పంటి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు, పనిమనిషి నేల తుడవడానికి ఏదో మందు బకెట్లో పోసింది. ఘాటైన వాసన ముక్కులోంచి నేరుగా కళ్లలోకి ఎక్కింది. అమ్మోనియా. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గట్టిగా పీల్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజంతా ఆ వాసనలోనే ఉండేదాన్ని. నక్షాలకు నకళ్లు తీసే గది, కిటికీలకు నల్లగుడ్డ, మూలన ఆ మందు పోసిన పెట్టె. "కండ్లల్ల నీళ్లు అస్తున్నయేందమ్మా?" అని డాక్టరు అడిగాడు. మందు ఘాటు అన్నాను. నిజానికి నాకు కోపం వస్తే కళ్లు తడుస్తాయి. ఆ గది గుర్తుకొస్తే ఓదెలు సార్ గుర్తుకొస్తారు. ఆయన గుర్తుకొస్తే కోపం రాకుండా ఉండదు.

మాది గంభీరావుపేట. ఐటీఐలో నక్షాలు గీయడం నేర్చుకొని, సిరిసిల్ల వైపు మగ్గాల ఊళ్లలో ఒకదానిలో, పురపాలక కార్యాలయంలో ట్రేసరుగా చేరాను. పెద్దవాళ్లు గీసిన నక్షా మీద పల్చని కాగితం పరిచి సిరాతో మళ్లీ గీసే పని అది. ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఆ ఊరొక్కటే అట్లా చేసిందనుకొని మిగతా ఊళ్లు ఊపిరి పీల్చుకుంటాయి. అడవుల్లో అన్నలు, రోడ్ల మీద పోలీసులు ఉన్న రోజులవి. ఇద్దరు ఆగి మాట్లాడుకుంటుంటే మూడోవాడు చూపు తిప్పుకొని నడిచిపోయేవాడు. పెళ్లికి పందిరి వేసినా ఠాణాలో చెప్పి రావాల్సి వచ్చేది.

ఓదెలు సార్ మా డ్రాఫ్ట్స్‌మన్, నా పైఅధికారి. సొంతూరు కొడిమ్యాల. పొట్టి మనిషి. మెత్తగా మాట్లాడేవారు కాదు, పని బాగా చేస్తే మెచ్చుకునేవారూ కాదు. మొదటి రోజు నేను ఎంతో శ్రద్ధగా గీసిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "గీతలు మంచిగనే ఉన్నయ్. గీ జాగ నువ్వు సూసినవా?" అని అడిగారు. చూడలేదన్నాను. "సూడకుంట ఎట్ల గీసినవ్?" అని టేపు నా చేతికిచ్చి ఎండలో బయటికి నడిపించారు.

ఆ జాగ రెండు మగ్గాల వాడల నడుమ పొడుగ్గా ఉండేది. పొద్దున్నే నేత కుటుంబాలు వెదురు కర్రల మీద పడుగు చాపి, ఇంటిల్లిపాదీ రెండు వైపులా నిలబడి దారానికి గంజి పట్టించి కుంచెతో దువ్వేవాళ్లు. అంత పొడవు దారం ఇంట్లో చాపడం కుదరదు. ఎండెక్కేసరికి ఆరిన పడుగు చుట్టుకొని వెళ్లిపోతే, బీడీలు చుట్టే ఆడవాళ్లు చేటలు పట్టుకొని వేపచెట్ల కిందికి వచ్చేవాళ్లు. మధ్యాహ్నం దాటాక ముసలివాళ్లు, బడి వదిలాక పిల్లలు. ఎవరైనా పోతే శవాన్ని కాసేపు అక్కడే దించి, వాడవాళ్లంతా చివరిచూపు చూసేవాళ్లు. మా ఆఫీసు నక్షాలో మాత్రం ఆ చోట రెండే మాటలు: ఖాళీ స్థలం.

ఆ రోజు సార్ చెట్టు కింద ఉన్న ఒకామె దగ్గర ఆగారు. లచ్చవ్వ అని, వాడలో అందరికంటే వేగంగా బీడీలు చుట్టే మనిషి. "లచ్చవ్వా, గిది ఖాళీ జాగనట. మా నక్షాల రాసి ఉన్నది" అన్నారు. ఆమె చేటలోంచి తల ఎత్తలేదు. "అయితే మేం లేమా సార్?" అంది.

సార్ నవ్వలేదు. ఆఫీసుకు తిరిగొచ్చి, బ్లేడుతో ఆ రెండు మాటలూ గీకేశారు. మర్నాటి నుంచి నెల రోజులు మా పొద్దంతా ఆ జాగలోనే గడిచింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లేవాళ్లం. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, పడుగు ఎక్కడి నుంచి ఎక్కడికి సాగుతుందో, బిందెలతో ఏ దారిన నడుస్తారో కొలిచి ఆయన పెన్సిలుతో చుక్క పెట్టేవారు. నేను సిరాతో దిద్దేదాన్ని. ఆడవాళ్లకు ఎర్ర చుక్క, మగవాళ్లకు నల్ల చుక్క. ఆ జాగలో దుకాణాల సముదాయం కట్టాలని పెద్దలు తలపెట్టారనీ, ఫైలు కదులుతోందనీ మా ఇద్దరికీ తెలుసు. స్థలాన్ని సర్వే చేసి నివేదిక ఇమ్మని ఆఫీసే సార్‌ను అడిగింది. ఆయన ఇవ్వబోయే నివేదిక ఆ నక్షానే. "ఒక్కసారి ఇది ఫైల్ల పడ్డదనుకో, ఖాళీ అన్న మాట ఇంక ఎవ్వనికి నోట్లెకెల్లి రాదు" అనేవారు.

పడ్డది, కానీ ఫైలు ఆగలేదు. అభ్యంతరాలుంటే నెలలోగా రాసివ్వాలని చట్టప్రకారం నోటీసు వేశారు. దాన్ని అతికించింది ఆఫీసులో స్టోరు గది తలుపు లోపలి వైపు. నోటీసు వేసినట్టు సంతకాలూ అయిపోయాయి. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటున్నాయి. సార్ ఆ నోటీసును పెద్దక్షరాలతో తిరగరాసి, వాడ మొగదలలో ఉన్న చాయ్ హోటలు గోడకు అతికించారు. చదువురాని వాళ్లకు నిలబడి చదివి వినిపించారు. ఆయన చేసిన నేరం అంతే. ప్రభుత్వ నోటీసు జనం కంట పడేలా చేశారు.

"నలుగురం గల్సి అస్తే కేసు వెడ్తరు సార్" అని ఒక నేతకారుడు భయపడ్డాడు. "కల్సి రాకున్రి. ఒక్కొక్కలు రాన్రి. చెయ్యి నీదే, కాయిదం నీదే" అన్నారు సార్. అట్లాగే వచ్చారు. ఒక్కొక్కరూ, ఎవరితో ఎవరికీ సంబంధం లేనట్టు, వారం రోజులు. వేలిముద్ర వేసిన ఆడవాళ్ల కాగితాలే ఎక్కువ. ఇన్‌వర్డు గుమాస్తా విసుక్కుంటూ ముద్రలు కొట్టాడు. ఆ వారం సార్ మొహంలో మొదటిసారి ఒక తేట కనిపించింది.

తర్వాత ఒక పొద్దున ఆ జాగ పక్క గోడ మీద ఎర్రక్షరాల పోస్టరు వెలిసింది. పునాది తవ్విన కాంట్రాక్టరుకు శిక్ష తప్పదని రాసి ఉంది. నాకు లోలోపల సంతోషమే వేసింది. సార్ మాత్రం చదివి అక్కడే అరుగు మీద కూలబడ్డారు.

"అయిపాయె బిడ్డా" అన్నారు.

"మన దిక్కే గద సార్ రాసిన్రు?"

"మనల్ని ఎవ్వడడిగిండు? లచ్చవ్వ ఏలిముద్రేసిన కాయిదం ఇగ లచ్చవ్వది గాదు. గా పోస్టరుది."

ఆయన అన్నట్టే అయింది. మర్నాడు మధ్యాహ్నం పోలీసులు ఆఫీసుకు వచ్చారు. సార్ సంచి వెతికి, ఫైల్లో నకలు పెట్టాక ఆయన దగ్గరే ఉన్న అసలు నక్షా తీసి బల్ల మీద పరిచారు. వాళ్లను తీసుకొచ్చిన అధికారి కొలతలు చూశాడు, సందులు చూశాడు, చుక్కల మీద లాఠీ కొన పెట్టాడు.

"ఈ ఎర్ర చుక్కలేంటి?"

"ఆడోళ్లు కూసునే జాగలు సార్."

"ఆడవాళ్లు కూర్చుంటే నక్షా ఎందుకయ్యా? ఎవరికిద్దామని గీశావు?"

"ఆఫీసుకే సార్. సర్వే పని."

అధికారి మా ఆఫీసు పెద్ద సారు వైపు చూశాడు. అట్లాంటి పని తాను చెప్పలేదన్నాడు ఆయన. అప్పుడు అధికారి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఇది ఆఫీసు పనేనా?" నా గోళ్ల అంచుల్లో ఎర్ర సిరా ఇంకా వదల్లేదు. చేతులు కొంగు కింద పెట్టుకొని, "నాకు తెల్వద్సార్" అన్నాను. ఓదెలు సార్ నన్ను చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో అని చాలా ఏళ్లు అనుకున్నాను. అదీ ఒక సాకే. చూసినా నేను ఆ మాటే అనేదాన్ని.

సార్‌ను ఠాణాకు తీసుకుపోయి, మూడు రోజుల తర్వాత వదిలిపెట్టారు. కుడిచేతి వేళ్లు వాచి నల్లబడ్డాయి. రెండు వేళ్లు మళ్లీ పూర్తిగా వంగలేదు. గీత పెన్ను పట్టే వేళ్లే అవి. ఎక్కడ కొట్టాలో వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, ఎవరూ చెప్పనక్కరలేదేమో. ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. జనం ఇచ్చిన కాగితాలన్నీ తాడుతో కట్టి, పైన ఒక అట్ట పెట్టి, తీవ్రవాదుల ప్రోద్బలంతో వచ్చినవి అని రాశారు. ఆ కట్టను బీరువాలో పెట్టమని నాకే ఇచ్చారు. పెట్టాను.

దుకాణాలు లేచాయి. వేపచెట్లు పోయాయి. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గాలు మూలపడ్డాక, "ఇప్పుడు పడుగు చాపేటోడే లేడు గద, ఆ జాగ ఉండి ఏం లాభం?" అని ఆఫీసులో తృప్తిగా అనుకున్నారు. పడుగుల సంగతి నిజమే. మరి బీడీలు చుట్టే ఆడవాళ్లు? వాళ్లు మురుగు పారే మోరీ పక్కన గోనెలు పరుచుకొని, ముక్కుకు కొంగు కట్టుకొని కూర్చునేవాళ్లు. శవాన్ని దించే చోటు లేక, సందులో పట్టినంత కొద్దిమందే మొహం చూసేవాళ్లు. లచ్చవ్వను అట్లాగే మోసుకుపోయారు. ఒక్క గోడ కూలకుండా, ఒక్క ఇల్లు కాలకుండా ఊరికి ఇంత దెబ్బ తగిలితే దాన్ని అభివృద్ధి అని పిలిచారు.

సార్‌ను మళ్లీ పనిలోకి తీసుకున్నప్పుడు కోరుట్లకు పంపారు. రిజిస్టర్లు రాసే పని ఇచ్చారు, వంగని వేళ్లున్న మనిషికి. నాకు ఆయన ముందుకు పోయే ధైర్యం రావడానికి ఆరేళ్లు పట్టింది. వెళ్లేసరికి ఆయన ఇంట్లో లేరు. వారానికోసారి అంగడి జరిగే మైదానంలో ఉన్నారని చెప్పారు. చూస్తే ఆయన భార్య రాజవ్వ టేపు ఒక కొస పట్టుకుంది, సార్ ఎడమచేత్తో నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. పల్లెల నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్ల వరుసలను కొలుస్తున్నారు. కొందరు వ్యాపారులు ఆ మైదానానికి కంచె వేయించుకోవాలని చూస్తున్నారట. నేను కాళ్ల మీద పడబోతే వెనక్కి జరిగారు.

"నాకు కోపం లేదనుకొని అచ్చినవా?" అన్నారు.

"లేదు సార్."

"ఉన్నది. గా దినం నువ్వు ఒక్క మాటంటే నా చేతి ఏళ్లు ఉండునో పోవునో, నాకు ఎరుక లేదు. కానీ గా చుక్కలు నువ్వు దిద్దినయ్. దిద్దినదాన్ని తెల్వదన్నవ్."

రాజవ్వ తల పక్కకు తిప్పుకుంది. నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఆయనే, "ఏడ్సుడు అయినంక గా కొస పట్టు. ఆమెకు నడుం నొస్తది" అన్నారు. సాయంత్రం దాకా పట్టాను. ఆయన క్షమించలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత సెలవు దొరికిన ప్రతిసారీ కోరుట్ల బస్సెక్కాను. అక్కడ కూర్చునే ప్రతి మనిషి పేరు, ఊరు, తెచ్చే సరుకు రాసి, కొలతలతో సహా అభ్యంతరం పెట్టాం. ఈసారి ఏ పోస్టరూ పడలేదు. విచారణకు వచ్చిన అధికారి అంగడి రోజు స్వయంగా వచ్చి, మనుషుల మధ్య నడవడానికి దారి దొరక్క ఆగిపోయాడు. కంచె రాలేదు. సార్ దాన్ని గెలుపని ఎన్నడూ అనలేదు. "ఉన్నది ఉన్నట్టు ఉన్నది, గంతే" అనేవారు.

చివరి రోజుల్లో కొడుకు దగ్గర జగిత్యాలలో ఉండి, జబ్బుతో పోయారు. ఈ మధ్య నేను మొదట పనిచేసిన ఆ ఆఫీసు వాళ్లు సావనీరు వేస్తూ పాత ఉద్యోగుల గురించి రాయమని అడిగారు. ఓదెలు సార్ గురించి రాసి పంపాను. నాలుగు రోజులకు ఒకతను ఫోన్ చేశాడు. "మంచిగ రాసిన్రు మేడం. గా పోలీసుల ముచ్చట తీసేద్దామా? పాత గొడవలెందుకు? శాంతస్వభావి, కష్టజీవి అని ఉంచుదాం" అన్నాడు. ఆయన శాంతస్వభావి కారని, నేనూ కాదని చెప్పి, కాగితాలు వెనక్కి పంపమన్నాను. అప్పుడు తీసేయమన్న భాగం ఇది, ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. ఆ నక్షా ఆఫీసు పనే. ఆఫీసు చెబితేనే, ఆఫీసు టేపుతో, ఆఫీసు వేళల్లో చేశాం. చుక్కలు దిద్దింది నేను. నా పేరు సరోజన. నాకు తెలుసు.