వీరమ్మ ముడి

అయినవిల్లి గుడికి వెళ్ళే దారిలో పూలకొట్లకు లోటు లేదు. అయినా కొత్త బండి కొన్నవాళ్ళు నేరుగా వచ్చి వీరమ్మ కొట్టు ముందే ఆగుతారు. వీరమ్మ చెయ్యి మంచిదని పేరు. ఆవిడ దండ కట్టిన ఆటో బోల్తా పడలేదట, ఆవిడ దండ వేసిన ట్రాక్టరు చేలో దిగబడలేదట. దిగబడినవీ ఉండే ఉంటాయి, వాటి గురించి ఎవరూ చెప్పుకోరు, అంతే. మంచి పేరు వచ్చే పద్ధతే అది.

వీరమ్మకు ఆస్తి అంటూ ఉన్నది ఆ పేరొక్కటే. చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసే మొగుడు పోయాక పూలబుట్ట ఎత్తుకుంది. కడియపులంక నుంచి వచ్చే బంతిపూలే అందరివీనూ. పక్క కొట్లవాళ్ళు దారానికీ నైలానుకూ మారిపోయినా ఈవిడ మాత్రం అరటినార వదల్లేదు. నార నీళ్ళలో నానబెట్టి, ముడి మీద ముడి వేసి, బొటనవేలితో అదిమి బిగిస్తుంది. ఆరేకొద్దీ ఆ ముడి ఇంకా బిగుస్తుంది. పూలు ఎండి రాలిపోతాయి గాని ముడి ఊడదు. దండ కట్టాక ప్రతివాళ్ళకూ ఒకటే చెబుతుంది.

"మొదటి దండండీ. చేత్తో తియ్యకండి. దానంతట అదే రాలిపోవాలి, ఆయ్."

ఐ.పోలవరంలో రొయ్యల చెరువులున్న సూర్యప్రకాశరావు గారు ఎర్రటి స్పోర్ట్స్ కారు కొని తెచ్చినప్పుడూ ఇదే చెప్పింది. ముందు ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నేలను అంటుకుపోయి ఉంది. ఒంటి మీద చిన్న గీత లేదు, వంగి చూస్తే తన ముఖమే కనబడింది. స్టార్టు చేసి చూపించమంది. ఆ శబ్దానికి అరికాళ్ళ కింద నేల అదిరింది. "అమ్మ బాబోయ్!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. ముందు భాగంలో గాలి పోయే సందులుంటే, వాటిలోంచి నార దూర్చి దండ కట్టింది. అంతటి కారుకు తన దండ! ఆ రోజు పూలు కొన్నవాళ్ళకూ కొననివాళ్ళకూ కూడా ఆ సంగతి చెప్పి మురిసిపోయింది.

కొన్ని వారాలు తిరక్కుండానే కారుకు జబ్బు చేసింది. ఇంజను చల్లబరిచే ఫ్యాను చూపించుకోమని స్టీరింగు ముందు ఎర్రదీపం వెలిగింది. షోరూమువాళ్ళు ఫ్యూజు మార్చారు, దీపం ఆరింది. నాలుగు ఊళ్ళు తిరిగేసరికి మళ్ళీ వెలిగింది. రావుగారి తల్లి సత్యనారాయణమ్మ గారు ఇది దిష్టేనని తేల్చేశారు. అక్కడితో ఊరుకున్నారా అంటే, లేదు. "ఆ పూలావిడ చెయ్యి మంచిదన్నారు. ఏం మంచిదో!" అని కూడా అన్నారు.

పెద్దవాళ్ళ ఇంట్లో అన్న మాట గుమ్మం దాటడానికి ఎంతసేపు? అది వీరమ్మ చెవినా పడింది. మర్నాడు కొత్త ఆటోతో వచ్చినవాడు ఆవిడ కొట్టు ముందు కాస్త నెమ్మదించి, ముఖం పక్కకు తిప్పుకుని, అవతలి కొట్టుకు పోయాడు. వీరమ్మ చేతిలో పూలు చేతిలోనే ఉండిపోయాయి. ఇంక తన పని అయిపోయిందనుకుని బెంగ పెట్టుకుంది.

ఆదివారంనాడు ఆ కారే వచ్చింది. గుడి దగ్గర గుమ్మడికాయ కొట్టిద్దామని రావుగారు తల్లిని ఎక్కించుకుని బయలుదేరారు. ఇంకా గుడి చేరకుండానే దీపం వెలిగింది, ఇంజను వేడెక్కిపోయింది. వీరమ్మ కొట్టుకు ఎదురుగానే ఎబినేజర్ షెడ్డు. అతను మస్కట్‌లో ఇలాంటి కార్ల గ్యారేజీలో చేసి వచ్చిన మెకానిక్కు. కారు అక్కడికి తోశారు. సత్యనారాయణమ్మ గారికి స్టూలు వేశారు. వీరమ్మ ఉండబట్టలేక రోడ్డు దాటి వచ్చింది.

ఎబినేజర్ కారు ముందు మూత ఎత్తాడు. తొంగి చూసిన వీరమ్మ బిత్తరపోయింది.

"ఇంజనేది బాబూ? ఎవరైనా ఎత్తుకుపోయేరా?"

"ఈ బండికి ఇంజను వెనకాల ఉంటది పిన్నిగారూ. దాన్ని చల్లార్చే ఫ్యాన్లు ముందుంటాయి, కుడీ ఎడమానూ."

ఎబినేజర్ ఫోనులో షోరూము ఇంజనీరు మాధవీలతను పిలిచి, కెమెరాలో కారు చూపించాడు. ఆ అమ్మాయి ఒక్కొక్కటే అడిగింది. ఫ్యూజు బాగుందా? బాగుందండి. ఫ్యానుకు కరెంటు అందుతోందా? మీటరు పెట్టి చూసి, అందుతోందండి అన్నాడు.

"అయితే ఫ్యాను మోటారైనా కాలి ఉండాలి, ఏదో ఒకటి అడ్డమైనా పడి ఉండాలి. మోటారు తెప్పించే ముందు బంపరు విప్పి, స్విచ్చి ఆపేసి, చేత్తో తిప్పి చూడండి," అంది మాధవీలత.

బంపరు విప్పారు. ఎడమవైపు ఫ్యాను వేలు తగిలితే గిర్రున తిరిగింది. కుడివైపుది కదల్లేదు. ఎబినేజర్ లైటు వేసి చూశాడు.

"ఇరుసుకి ఏదో చుట్టుకుపోయిందండీ." పటకారుతో లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. "ఏం ముడండీ బాబూ ఇది!"

"రోడ్డు మీద కొబ్బరితాడేదో పట్టుకుని ఉంటది," అన్నారు రావుగారు.

వీరమ్మ ముందుకు వంగింది. లైటు పడగానే పోల్చుకుంది. అవునండీ, కొబ్బరితాడే అంటే చాలు. ఎవరికీ తెలియదు, పేరు నిలుస్తుంది. కాని ఆ ముడిని చూస్తూ చూస్తూ నాది కాదని ఎలా అనడం? ఎండకు ఎండి, అంత వేడికి మాడి, అంత గాలికి కొట్టుకుని కూడా అది ఊడలేదు.

"కొబ్బరితాడు కాదు బాబుగారూ," అంది. "అరటినార. అది నా ముడేనండి. పూలు రాలిపోయాక ఆ సందుల్లోంచి లోపలికి జారిపోయుంటదండి. దండ తియ్యొద్దని చెప్పిందీ నేనేనండి."

ఎబినేజర్ బ్లేడుతో కోసి, ఆ నార ముక్కను తెచ్చి సత్యనారాయణమ్మ గారి చేతిలో పెట్టాడు. ఆవిడ రెండు చేతులా పట్టుకుని లాగి చూశారు. తెగలేదు. ఇంకోసారి లాగారు.

"ఇంత కారునీ ఆపేసింది ఇదేనా?" అన్నారు, నమ్మలేనట్టు. "నేను నీ చేతిని అనరాని మాటన్నాను వీరమ్మా. తప్పయింది."

కారు స్టార్టు చేశారు. కాసేపటికి రెండు ఫ్యాన్లూ ఒక్కసారి లేచాయి. ఆ గాలికి వీరమ్మ కొంగు ఎగిరి భుజం మీద పడింది. ఎర్రదీపం ఆరింది. రావుగారు ఇంజను ఆపేశారు. ఫ్యాన్లు ఆగలేదు.

"ఆపేసేరు కదా బాబూ, ఇంకా తిరుగుతున్నాయేంటి?"

"లోపలి వేడి చల్లారాలి కదా పిన్నిగారూ. తాళం తీసేసినా కాసేపు వాటి పని అవి చేసుకుంటాయి."

వీరమ్మ అప్రయత్నంగా చేతులు జోడించింది. చెప్పేవాళ్ళు లేకుండా, చూసేవాళ్ళు లేకుండా పని చేసుకుపోతున్న ఆ రెక్కలను అవి ఆగేదాకా చూస్తూ నిలబడింది. ఇలాంటిదాన్నా నా నార పట్టి ఆపింది అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

బంపరు బిగించాక సత్యనారాయణమ్మ గారే ఇంకో దండ కట్టమన్నారు. వీరమ్మ నార తడిపి కూర్చుంది. లాగితే ఊడే ముడి వేద్దామనుకుంది. వేళ్ళు వినలేదు. వాటికి తెలిసిందల్లా బిగించడమే. వేసిన ముడి వేసినట్టే బిగుసుకుపోతుంటే విప్పి, మళ్ళీ వేసి, నవ్వుకుని, చివరికి ఎలాగో సాధించింది.

దణ్ణాలయ్యాయి. రావుగారు కారెక్కబోతుంటే ఆగమంది.

"దండ తీసేస్తానండి."

"మొదటి దండ చేత్తో తియ్యకూడదన్నావుగా?" అన్నారు సత్యనారాయణమ్మ గారు.

"మీరు తియ్యకూడదండి. కట్టినదాన్ని నేను, నేను తియ్యొచ్చు. ఆయ్."

నార కొస పట్టి మెల్లగా లాగింది. ఎన్నేళ్ళుగానో ఎండి రాలిపోవడానికే దండలు కట్టిన ఆ చేతుల్లోకి, ఒక్క రేకు రాలకుండా, దండ తిరిగి వచ్చింది.