అక్క దగ్గర దాచిన మాట

నా చిన్నప్పుడు, వర్ధన్నపేట దిక్కు ఊళ్లు తగలబడుతుంటే, మా పెదనాయిన తన బిడ్డను బండెక్కించి వరంగల్‌లో మా ఇంటికి పంపాడు. నాకు ఏడేళ్లు, ఆ అక్కకు తొమ్మిది. తల్లి లేని పిల్ల. బండి కదిలిన మర్నాడే తుపాకులతో వచ్చినవాళ్లు పెదనాయినను కాల్చి చంపారు. ఆ కబురు ఇంట్లో అందరికీ తెలిసింది, అక్కకు తప్ప.

పసిదాని గుండె పగులుతుందని పెద్దవాళ్లంతా ఒక్క మాట మీదికొచ్చారు. పెదనాయిన ధాన్యం అమ్మడానికి కేసముద్రం పోయాడని చెప్పమన్నారు. నేనేమైనా తక్కువదాన్నా? వచ్చేటప్పుడు గాజులు తెస్తాడట అని కూడా కలిపాను. ఆడవాళ్లు పెరట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చేవాళ్లు. పాపం అక్క, పొద్దున లేచింది మొదలు గడపలోనే కూచునేది. బండి చప్పుడైతే లేచేది. అన్నం పెడితే నాయిన వచ్చినంక తింట అనేది. నాలుగు రోజులకే చిక్కి సగమైంది. అయినా మేం అబద్ధం మానలేదు.

పదోనాడు అక్కను ఇంట్లోనే ఉంచి, వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే ఆ మనిషి మనసులో ఇంకా ఏదో మిగిలిపోయిందని మావాళ్ల నమ్మకం. మాంసం, గారెలు, కల్లు పెట్టారు. ఎండ నెత్తికెక్కినా కాకి దిగలేదు. నీ బిడ్డను నా బిడ్డలెక్క చూసుకుంట అని మా నాయిన మొక్కాడు. ఊహూ.

పోయింది నాయినమ్మ కన్నకొడుకు. ఆమె లేచి, ఎవరు ఆపినా ఆగకుండా ఇంటికి పోయి అక్కను తీసుకొచ్చింది. విస్తరి ముందు ఒళ్లో కూచోబెట్టుకుంది.

"మీ నాయిన ఇగ రాడు బిడ్డా. కాల్చి సంపిండ్రు. మేమంత నీకు అబద్ధం చెప్పినం. ఆయనకు ఏం ఇష్టమో మాకంటె నీకే ఎరుక, జర చెప్పు."

అక్క విస్తట్లో గారెలను పక్కకు జరిపింది.

"నాయిన అడుగంటిన మాడే తింటడు. మంచి బువ్వ నాకు పెడ్తడు," అంది.

అంతే, నాయినమ్మ బోరుమంది. అక్క ఆమె మెడ పట్టుకొని ఏడ్చింది. కాకి ఎప్పుడొచ్చిందో నాకు యాదిలేదు, ముట్టిందనే పెద్దలన్నారు.

ఇంటికొస్తుంటే అక్క నన్ను, "నీకు ముందే ఎరికేనా?" అని అడిగింది. తలూపాను. కొట్టలేదు, తిట్టలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ పూట నాయినమ్మ ముద్దలు కలిపి పెడితే తిన్నది.

ఇప్పుడు టీవీలో యుద్ధం చూసి, ఆ పిల్లల అమ్మానాన్నలు ఏమయ్యారని మనవలు అడుగుతారు. కోడలు గబుక్కున టీవీ కట్టెయ్యబోతుంది. నేను వద్దంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఏడిస్తే ఏడవనిస్తాను. అబద్ధం చెప్పి మన పని మనం చూసుకోవచ్చు. నిజం చెప్పినవాళ్లు మాత్రం పక్కనే కూచోవాలి.