మైలోడి మెడపట్టెడ

పోయిన నెల ఒక పొద్దున మా పెదనాయన పోయాడు. కబురు చెప్పింది పక్క చేను మామ. ఏడాదికి పైగా మా పెదనాయన గడప తొక్కని మనిషి, ఎదురుపడితే తల తిప్పుకుని పోయిన మనిషి, నాకు ఫోన్ చేసి "పాపా, మీ పెదనాయన పాయెనమ్మా" అని బావురుమన్నాడు. నేను ఏడవలేదు. "ఇప్పుడు గుర్తొచ్చినాడా మామా?" అని ఫోన్ పెట్టేశాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు కూడా ఆ కోపం తగ్గలేదు. చదివేవాళ్ళు మన్నించాలి. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలని నాకూ తెలుసు, చేతకావడం లేదు.

మాది గార్లదిన్నె అవతల ఒక మెట్ట పల్లె. వాన పడితే శెనక్కాయ, పడకపోతే ఆకాశం వంక చూడటం. ఆ చేలలో మా పెదనాయన ఒక ఎద్దును పెంచాడు. మచ్చల ఎద్దు కాబట్టి దాని పేరు మైలోడు. మంచి ఎద్దులు రెండు సాకే తాహతు ఆయనకు లేదు. పక్క చేను మామకూ లేదు. ఆయన ఒకటి, ఈయన ఒకటి పెంచి, బండలాగుడు పోటీలు వచ్చినప్పుడు రెండింటినీ జత కట్టేవాళ్ళు. తిరునాళ్ళలో రాతిదూలాన్ని ఎడ్లతో లాగించే ఆట అది. ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళది గెలుపు. చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకు ఎంత చెప్పినా ఆ దుమ్మూ ఆ అరుపులూ అందవు.

మా పెదనాయన ఎద్దును కొట్టేవాడు కాదు. అందరూ చెర్నాకోలలు ఝళిపిస్తుంటే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, నాలుకతో టక్ టక్ మని శబ్దం చేస్తూ మైలోడి పక్కన నడిచేవాడు. ఎందుకు కొట్టవని అడిగితే, "లాగేది అది. నడిమధ్య నా ఉడుకు యాల?" అనేవాడు, మధ్యలో తన కోపం ఎందుకని. నాకు పదో తరగతిలో లెక్కలు రాక ఏడుస్తుంటే మా నాయన బెత్తం తీశాడు. అప్పుడు కూడా పెదనాయనది ఇదే మాట. బెత్తం లాక్కుని ఇంటి దూలం మీద పెట్టి, "లెక్క చేసేది అది. నీ ఉడుకు యాలరా?" అన్నాడు మా నాయనతో. నేను ఈరోజు టౌనులో బడిపిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. నా తరగతిలో బెత్తం లేదు.

ఒక పెద్ద తిరునాళ్ళలో ఆ జత గెలిచింది. బహుమతిగా ఇత్తడి గంటల మెడపట్టెడ ఇచ్చారు. ఎవరి ఎద్దుకు కట్టాలన్న మాట వస్తే మామే తీసుకెళ్ళి మైలోడి మెడకు కట్టాడట. అప్పుడు తీసిన ఫొటో మా పెదనాయన ఇంటి గోడకు ఉండేది. రెండు ఎడ్లు, అటొకరు ఇటొకరు, ఇద్దరికీ మీసాలు నల్లగా. తర్వాత ఎప్పుడో పట్టెడలో ఒక గంట పగిలిపోతే, మామ తన మేక మెడలో గంట తీసి దాని చోట గుచ్చాడు. పెద్ద గంటల మధ్య చిన్న మేక గంట. మైలోడు నడుస్తుంటే అదొక్కటి వేరుగా మోగేది. దాన్ని విని మా పెద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది.

మైలోడు ముసలిదై చచ్చిపోతే చేలోనే పూడ్చారు. పసుపూ కుంకుమా పెట్టి, కొత్త పంచె కప్పి, పట్టెడ మెడలోనే ఉంచేశారు. ఎంతైనా ఇత్తడి, తీసి దాచుకోమన్నారు కొందరు. "దాని కష్టం అది. నాదా తీసుకునేకి?" అన్నాడు మా పెదనాయన. గుంతలోకి దిగి ఎద్దు తల సరిచేసినవాడు మామ. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. పట్టెడ మట్టిలో ఉందని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఇద్దరే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా మా పెదనాయన ఎద్దును పూడ్చిన ఆ దిబ్బను దున్నలేదు. అక్కడికి రాగానే మడక పక్కకు తిప్పేవాడు. ట్రాక్టరు వచ్చాక డ్రైవరుతో తిప్పించేవాడు.

ఆయనకు ఒక్కటే బలహీనత. మైలోడి కథ అడిగినవాళ్ళను ఊరికే పంపలేడు. మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, మొదటినుంచి చెప్పాల్సిందే. రెండేళ్ళ కిందట ఒక మనిషి వచ్చాడు. పాత ఆటల మీద పుస్తకం రాస్తున్నానన్నాడు. మజ్జిగ తాగాడు. గోడ మీది ఫొటోను ఫోనులో ఫొటో తీసుకున్నాడు. పట్టెడ ఏమైందని అడిగితే మా పెదనాయన చేను చూపించి, "దాని మెడలోనే ఉండాదప్పా, ఆ దిబ్బ కింద" అన్నాడు. ఆ మనిషి కళ్ళు తుడుచుకున్నాడట కూడా. "మంచోడు పాపా, ఎద్దు కోసరం ఏడ్చినాడు" అని నాతో సంబరంగా చెప్పాడు మా పెదనాయన. ఎందుకు ఏడవడు? ఏడుపుకు ఖర్చేముంది?

కొన్నాళ్ళకు మా పల్లె ఫోన్లలో ఒక ప్రకటన తిరిగింది. టౌనులో పెద్ద హోటలు హాల్లో పాత ఆటల వస్తువుల వేలం. కుస్తీ గదలు, హాకీ కర్రలు, వెండి కప్పులు. వాటి మధ్య మెరిసిపోతూ ఒక గంటల పట్టెడ, పక్కన మా ఇంటి గోడ మీది ఫొటో. కింద మా పెదనాయన పేరు, ఊరి పేరు. "ఆ రైతు కుటుంబం నుంచి నేరుగా సేకరించినది" అని రాసి ఉంది.

వాళ్ళ తెలివి చూడండి. దొరకని వస్తువుకు నకలు చేయించలేదు వాళ్ళు. నిజమైనది ఎక్కడుందో కనుక్కుని, అది ఎప్పటికీ బయటికి రాదని తేల్చుకుని, అప్పుడు నకలు చేయించారు. ఒక మనిషి మంచితనాన్ని కొలిచి, ఇతను సమాధి తవ్వడు అని లెక్కవేసుకుని, దాని మీద వ్యాపారం పెట్టారు. దొంగలంటే నాకు ఇంత మంట లేదు. దొంగకు కనీసం పట్టుబడతానన్న భయం ఉంటుంది.

ఆ ప్రకటన చూసి మామ మా పెదనాయన ఇంటికి వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. మామ చెప్పులు విడవలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తవ్వినావా బావా?"

మా పెదనాయనకు మొదట అర్థం కాలేదు. "ఏంది తవ్వేది?"

"పట్టెడను నా చేతులతో లోపల పెట్టినా. అది ఈపొద్దు టౌన్లో ఎట్ల మెరుస్తాండాది? దానికి కాళ్ళొచ్చినాయా?"

"అది మనది కాదురా. ఎవురో చేపిచ్చినారు."

"ఫొటో మనదే గదా. నీ పేరే గదా రాసిండేది. నా ఎద్దు గూడా లాగింది బావా. దుడ్లు కావల్లంటే నన్ను అడిగింటే నేనిచ్చింటా గదా."

నేనే లేచి, ఆ ప్రకటనలో పట్టెడకు మేక గంట లేదు చూడు మామా అన్నాను. "అమ్మేటప్పుడు బాగు చేసింటారు" అన్నాడు. ఇంక ఒకటే మాట. "తవ్వకుంటే చూపీ. పోదాం పా, ఇప్పుడే పార తెస్తా. ఉంటే నీ కాళ్ళు పట్టుకుంటా."

అప్పుడు మా పెదనాయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "తవ్వలేదని చెప్పేకి తవ్వల్లనా? అట్లయితే వాల్లు రాసింది నేను చేసినట్లే గదరా."

మామ వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి పల్లెంతా అదే మాట. ఎద్దును తవ్వుకుని అమ్ముకున్నాడని. ఎంతకు పోయిందన్నా అని నవ్వుతూ అడిగేవాళ్ళు. ఒక్క మాటతో మనిషిని పూడ్చడం మా ఊరివాళ్ళకు ఇంత బాగా వచ్చునని నాకు తెలియదు.

వేలం రోజున నేనే ఆయన్ను తీసుకుపోయాను. కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగారు. చల్లటి గాలి. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు వేసుకుని మా పెదనాయన పట్టెడ పెట్టిన గాజు పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. పట్టెడ వంతు రాగానే చేయెత్తాడు, బడిలో పిల్లాడు ఎత్తినట్టు.

"అప్పా, అది మాది కాదు. కింద నా పేరు రాసినారు, అది తీసేయండి."

వేలం పాడిస్తున్న కోటు కుర్రాడు నవ్వుతూనే ఉన్నాడు. "పెద్దాయనా, మా దగ్గర పత్రాలున్నాయి. మీ దగ్గర ఏముంది?"

"దాంట్లో ఒక మేక గంట ఉండల్ల."

"పాడైనవి మార్పించి, తోలు కొత్తది వేయించాం. అది మామూలే."

"నాది మట్టిలో ఉండాది."

"అయితే తీసుకురండి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

హాల్లో నవ్వారు. వెనక నుంచి ఎవరో, "పెద్దాయనకు వాటా తక్కువైనట్టుంది" అన్నారు. నేను లేచి అరిచాను. ఏం అరిచానో నాకే గుర్తు లేదు, ఇద్దరు మనుషులు వచ్చి మమ్మల్ని బయటికి నడిపించారు. లోపల వేలంపాట పెరుగుతూ ఉంది. చప్పట్లు వినిపించాయి. మా పెదనాయన మెట్ల మీద కూర్చుని టీ అడిగాడు. సగం తాగి, "ఎవురన్నా కొనుక్కోనీ పాపా. అట్లాంటివి సంతలో యాడైనా దొరుకుతాయి. దాని కింద నా పేరు యాల?" అన్నాడు. పోలీసు స్టేషనుకు కూడా పోయాం. మీ వస్తువేం పోయిందని అడిగారు. వస్తువేం పోలేదని ఆయనే చెప్పాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి, ఫిర్యాదు కూడా సరిగ్గా చేయలేకపోయాడు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ మైలోడి కథ చెప్పలేదు. గోడ మీది ఫొటో తీసి పెట్టెలో పెట్టించాడు. ఆయనకు ఏ జబ్బు వచ్చిందో డాక్టరు ఒక పేరు చెప్పాడు. నాకు మాత్రం ఏ జబ్బో తెలుసు. చివరికి పెద్దమ్మతో ఒక్కటే కోరాడట. "నన్ను దాని పక్కన పెట్టండి. ఊరికే, తోడు."

గుంత తవ్వేచోటికి ఆడవాళ్ళు రాకూడదన్నారు. ఎవరు ఆపుతారో చూద్దామని పెద్దమ్మ చేయి పట్టుకుని తీసుకుపోయాను. పార పట్టుకుని గుంతలో ఉన్నది ఎవరనుకున్నారు? మామ. ఇంకెవరినీ దిగనీయలేదట. దిబ్బకు కాస్త ఎడంగానే తవ్వుతున్నాడు. అయినా నడుము లోతుకు పోయాక దిబ్బ వైపు గోడ పెళ్ళగా విరిగి ఆయన కాళ్ళ మీద పడింది. ఆ మట్టిలో చిలుము పట్టిన చిన్న గంట ఒకటి ఉంది. విరిగినచోట గోడలోంచి ఇంకో రెండు పెద్ద గంటలు బయటికి కనిపిస్తున్నాయి.

మామ చిన్న గంటను తీసి బొటనవేలితో రుద్దాడు. గుంతలోనే కూలబడ్డాడు. "పాపా... నా మేక గంట" అన్నాడు.

గట్టు మీదివాళ్ళంతా వంగి చూశారు. ఎంతకు పోయిందన్నా అని నవ్వినవాళ్ళే. నాకు దాన్ని లాక్కుని ఒక్కొక్కడి మొహం ముందు మోగించాలనిపించింది. టౌనుకు పోయి ఆ గాజు పెట్టె మీద కొట్టాలనిపించింది. చేయి చాపాను కూడా. పెద్దమ్మ నా చేయి పట్టుకుంది.

"యాడుండేది ఆడ పెట్టప్పా" అంది మామతో. "ఆయప్ప ఇన్నాళ్ళు ఎవురికీ చూపీకుండా పెట్టుకున్యాడు. మనం చూపీకూడదు."

మామ ఆ గంటను గోడలోకి నొక్కి, చేతులతో తడిమట్టి అద్ది మూసేశాడు. పైకి చూసి, "ఊరంతా నేనే చెప్తానమ్మా. ఇల్లిల్లూ తిరిగి చెప్తా" అన్నాడు.

"ఊరికి నేను చెప్తాలే మామా," అన్నాను. "నువ్వు ఆయప్పకు చెప్పు."

ఊరికి చెప్పడమంటే ఇదే, ఈ రాత. పట్టెడ మట్టిలో ఉంది. మా పెదనాయన తవ్వలేదు. ఎవరి ఇంట్లోనో గాజు పెట్టెలో, ఆయన పేరు మీద మెరుస్తున్నది అబద్ధం.

మొన్న వాన పడింది. పెద్దమ్మను చూద్దామని పోతే, మా చేలో విత్తనం వేస్తున్నది మామ. అడిగినవాళ్ళు లేరు, ఆయనే వచ్చాడట. నన్ను చూసి తల వంచుకున్నాడు. నేను పలకరించలేదు. గట్టు మీద నిలబడి చూశాను. ఎర్రటి సాళ్ళు తిన్నగా వచ్చి, దిబ్బల దగ్గర పక్కకు తిరుగుతున్నాయి. ఇప్పుడు దిబ్బలు రెండు కాబట్టి ఆ వంపు పెద్దది. అక్కడికి రాగానే మామ ట్రాక్టరు ఆపించి, దిగి, తలపాగా తీసి, డ్రైవరుకు ముందు నడుస్తూ చేత్తో దారి చూపిస్తున్నాడు. నాలుకతో టక్ టక్ మంటున్నాడు.