కాక కొట్టి చూసిన కెమెరా

గోదావరిఖని మొత్తంల రీల్ కెమెరాతోని ఫొటోలు తీసే ఏకైక కళాకారుణ్ణి నేనే! పోటీకి ఒక్కడు లేడు. ఎందుకు లేడంటే, మిగిలినోళ్లకు ఫోన్లున్నయి, బుద్ధి గూడ ఉన్నది.

మూసేసిన ఓ స్టూడియోల డేటు ఎప్పుడో దాటిన రీళ్లు మూడు దొరికినయి. మొదటిదానితోని ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్టలు తీస్తే అన్నీ ఊదారంగుల వచ్చినయి. మా మట్టిగుట్ట కశ్మీర్ లెక్క కనవడ్డది! ఇగ నన్ను పట్టేటోడెవడు? మిగిలిన రెండు ఖరాబు గాకుండ టిఫిన్ డబ్బాల పెట్టి, మా చిన్నమ్మ ఫ్రిజ్‌ల మినప్పిండి పక్కన దాచిన.

గంతల్నే మా కాక ఆఖరి షిఫ్టు వచ్చింది. కాక రోజూ బొగ్గుబాయి కాడనే స్నానం జేసి, తెల్లగ ఇంటికొచ్చే మనిషి. ఇన్నేండ్లల్ల చిన్నమ్మ ఆయన బొగ్గు ముఖం ఒక్కపారి గూడ చూడలే.

"ఒక్క ఫొటో తియ్యి బిడ్డా. గాయన ఎట్లుంటడో చూస్త."

"ఫికర్ చెయ్యకు చిన్నమ్మా. ఇసొంటిది ఫోన్ల తీస్తే పాపం. రీల్‌ల తీస్త!"

షిఫ్టు దిగే యాళ్లకు గేటు బయట నిలవడ్డ. దోస్తులు దండలేసి, డప్పులతోని కాకను తోల్కొచ్చిన్రు. ముఖమంత నలుపు, పండ్లొక్కటే తెలుపు. ఫోన్లు తీసినోళ్ల మీదికి లేచిన. "జేబుల పెట్టుండ్రన్నా! అసలైన ఫొటో ఇది." పాపం, పెట్టేసిన్రు.

కాక నా కెమెరా తీస్కొని వేలితోని టక్కుటక్కున కొట్టిండు. అలవాటు. బాయిల పైకప్పును కర్రతోని కొట్టి, సప్పుడు ఇన్నంకనే దాని కింద నిలవడ్తరు. డొల్ల సప్పుడొస్తే అటు దిక్కే పోరు.

"ఏందిరా, డొల్ల సప్పుడొస్తున్నది?"

"కాకా, ఇది కెమెరా, బాయి గాదు! జర నవ్వు."

తీసిన. తీస్తనే ఉన్న. ముప్పై ఆరు ఫొటోల రీల్ నలభై దాటినా ఒడవలే! 'పాత సరుకు గదా, బర్కత్ ఎక్కువ' అని మురిసిన. కాక పోయి స్నానం జేసిండు.

ఇంటికొచ్చి కెమెరా తెరిచిన. టక్కున మూసిన.

"చిన్నమ్మా... డేటు దాటిన రీల్. మొత్తం ఖరాబైంది."

చిన్నమ్మ తిట్టినా మంచిగుండు. మెల్లగ వంటింట్లకు పోయి, రొట్టెలు కాల్చే పెంకతోని వచ్చింది. కాకను వాకిట్ల కుర్చీల కూసోవెట్టి, చెంపలకు దాని అడుగు మసి రాసుడు షురూ చేసింది.

"ఓసి, కండ్లల్ల పడ్తది!"

"ఇన్నేండ్లు నాకు గానరాకుండ కడుక్కొచ్చినవ్ గదా. ఇయ్యాల నేనే పూస్త, కూసో."

కాక నవ్విండు, చిన్నమ్మ నవ్వింది. పొద్దు గూకకముందే ఇంకో రీల్ ఏసి ఇద్దరిని కలిపి తీసిన. ఇప్పుడది గోడకున్నది. కాక ముఖం అచ్చం వంకాయ. చుట్టాలొచ్చి "ఆహా, బొగ్గు మనిషంటే గిట్లుండాలె" అంటే, చిన్నమ్మ నవ్వాపుకుంట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటది.

డేటు దాటిన రీల్‌ను మాత్రం ఇప్పటికీ అందరు తిడ్తరు. నేను ఇంకో రెండు ఎక్కువ తిడ్త. కని మీకాడ దాచుడెందుకు? ఆ పొద్దు ఇంకో రీల్ కోసం ఫ్రిజ్‌ల డబ్బా తెరిస్తే రెండు రీళ్లూ మినప్పిండి పక్కన సల్లగ కూసున్నయి.

కాక చెవి కరెక్టే. కెమెరా డొల్లనే.